బేస్ గిటార్ నెక్: తప్పంతా ట్రస్ రాడ్‌దేనా?

మా చర్చి బృందంలో బేస్ వాయించే కుర్రాడు ఒక శనివారం ప్రాక్టీసు అయ్యాక గిటార్ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "అన్నా, తీగలు బాగా ఎత్తుగా ఉన్నాయి. రాడ్ కొంచెం బిగిస్తే తగ్గుద్ది కదా?" అన్నాడు. ఎత్తుగా ఉన్న మాట నిజమే. 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా దిగ్గొట్టిన లోహపు మెట్టు) దగ్గర, అన్నిటికన్నా లావైన ఇ తీగ కింద మూడున్నర మిల్లీమీటర్ల సందు ఉంది. కానీ నెక్ చూస్తే దాదాపు తిన్నగా ఉంది. "రాడ్ జోలికి పోకురా, వెనక శాడిల్స్ దించుకో చాలు" అన్నాను. రాడ్ అంటే ట్రస్ రాడ్, నెక్ లోపల ఉండి దాని వంపుని సరిచేసే కడ్డీ. శాడిల్స్ అంటే బాడీ మీద బ్రిడ్జ్‌లో తీగలు ఆనే చిన్న ముక్కలు. వాడు నమ్మలేదు.

వాణ్ని అనడానికి లేదు, నేనూ ఒకప్పుడు ఆ బాపతే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బేస్‌ని రాజమండ్రి నుంచి హైదరాబాద్ తెచ్చుకున్నాక మొదటి అయిదు ఫ్రెట్లలో 'జర్ర్' మని మోత మొదలైంది. ఒక రిపేరు షాపులో ఇచ్చాను. ఆయన గంటలో పని కానిచ్చి చేతికిచ్చాడు. తీగలు ఇంకా దించేశాడని ఇంటికొచ్చాక తెలిసింది. మోత రెట్టింపైంది. అప్పుడెవరో "బజ్ వస్తే రాడ్ బిగించాలి" అన్నారు, నేను బిగించాను. అంటే అప్పటికే వెనక్కి, వెల్లకిలా వంగిన నెక్‌ని ఇంకాస్త వెల్లకిలా పడుకోబెట్టాను. ఇ తీగ మొదటి ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ దాకా స్వరం పలకడమే మానేసింది.

ఆ రాత్రి నేను పడ్డ టెన్షన్‌కి కారణం రాడ్ కాదు. నాలుగు వేర్వేరు విషయాల్ని ఒకే విషయం అనుకోవడం. నెక్ వంపు ఒకటి, బ్రిడ్జ్ దగ్గర తీగల ఎత్తు ఒకటి, నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే పట్టీ) గాడుల లోతు ఒకటి, నెక్ బాడీలో కూర్చున్న కోణం ఒకటి. నాలుగూ తీగకీ ఫ్రెట్‌కీ మధ్య దూరాన్నే మారుస్తాయి, కాబట్టి వేలికి నాలుగూ ఒకేలా తగులుతాయి. చిక్కంతా అక్కడే.

ముందు నెక్ సంగతి. ఫెండర్ కంపెనీ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పటి నుంచి బేస్ గిటార్‌కి మామూలు కొలత 34 అంగుళాలు, అంటే నట్ నుంచి శాడిల్ దాకా దాదాపు 864 మిల్లీమీటర్లు. మామూలు 45–105 సెట్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందం) వేసి శ్రుతి చేస్తే నాలుగు తీగలూ కలిసి లాగే బలం సుమారు 75–80 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు. మనం నిద్రపోతున్నా, గిటార్ మూలన నిలబడి ఉన్నా, ఆ మూడు బస్తాలూ హెడ్‌స్టాక్‌ని, అంటే తీగలు చుట్టే నెక్ కొసని, ముందుకు లాగుతూనే ఉంటాయి. విల్లుకి నారి కడితే ఏం జరుగుతుందో ఇక్కడా అదే.

ఆ వంపుని వెనక్కి లాగడానికి నెక్ లోపల పెట్టిన ఇనప కడ్డీయే ట్రస్ రాడ్. మనం సవరించుకోగలిగే రాడ్‌కి 1923లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. గిబ్సన్‌లో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ దాని సృష్టికర్త. లియో ఫెండర్‌కి మొదట్లో దీని మీద గురి లేదు. మేపుల్ చెక్క గట్టిది, దానికింకా కడ్డీ ఎందుకన్నది ఆయన లెక్క. 1950లో తొలి ఎస్క్వైర్ గిటార్లు రాడ్ లేకుండానే బయటికొచ్చాయి, నెక్‌లు వంగాయి, ఆయన మనసు మార్చుకున్నాడు. ఫెండర్ తరహా మేపుల్ నెక్‌ల వెనక నడుమన కనిపించే ముదురు గోధుమరంగు చార అలంకారం కాదు. రాడ్‌ని వెనక నుంచి గాడిలో దించి, పైన వాల్‌నట్ చెక్కముక్కతో మూసిన చోటది.

మన వీణకి ఇలాంటి రాడ్ లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగతో చేసే వీణలకైనా అంతే. వీణ వాళ్లు ఈ చిక్కుని మరో దారిలో విప్పారు. 24 మెట్లనీ నల్లటి మైనం మీద నిలబెట్టి, ఏ మెట్టు ఎంత ఎత్తులో ఉండాలో చెవితో తేల్చుకుంటూ అమరుస్తారు. దాన్నే మేళం కట్టడం అంటారు. కొన్నేళ్లకి స్వరం తేడా వస్తే మైనం తీసి మళ్లీ కడతారు. బేస్ గిటార్‌లో ఫ్రెట్ లోహం, చెక్కలోకి దిగ్గొట్టి ఉంటుంది, కదలదు. అది కదలదు కాబట్టి కింద నెక్ కదలాలి.

ఇక అసలు ప్రశ్న. రాడ్ ఉంది కదా, నెక్‌ని రూళ్లకర్రలా తిన్నగా చేసేస్తే పోదా?

పోదు. మీటిన తీగ తాడాట తాడులా తిరుగుతుంది. రెండు కొసల్లో కదలదు, నడుమన ఎక్కువగా ఊగుతుంది. ఇ తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది, జి తీగ 98 సార్లు. లావు తీగ, నెమ్మది కంపనం, అందువల్ల ఊపు వెడల్పు. మంద్రంగా గట్టిగా మీటినప్పుడు ఇ తీగ మసకబారిన పట్టీలా కనిపిస్తుంది చూడండి, ఆ పట్టీ అంత చోటు దానికి కావాలి. నెక్ నడుమన కొద్దిగా లోతుంటే ఆ చోటు దొరుకుతుంది. ఆ లోతునే రిలీఫ్ అంటారు. ఫెండర్ తన బేస్‌లకి చెప్పే కొలత, 9.5 నుంచి 12 అంగుళాల రేడియస్ (అడ్డంగా ఉండే గుండ్రదనం కొలత) ఉన్న ఫ్రెట్‌బోర్డులకి, 0.012 అంగుళం. అంటే 0.3 మిల్లీమీటరు. ఒక మామూలు విజిటింగ్ కార్డు మందం. ఇంత గొడవా అంతకోసమే.

మెత్తగా వేలితో వాయించేవాళ్లకి అంతకన్నా తక్కువ సరిపోతుంది. పిక్‌తో బాదేవాళ్లకి కొంచెం ఎక్కువ కావాలి. అందువల్ల సరైన రిలీఫ్ అని రాతిమీద చెక్కిన అంకె ఏదీ లేదు. మీ కుడిచెయ్యి ఎంత కోపిష్టిదో దాన్నిబట్టి ఉంటుంది.

కొలవడం ఎలాగో నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. గిటార్‌ని తుపాకీలా కంటి దగ్గర పెట్టుకుని నెక్ వెంబడి చూస్తూ "వంగింది" అనేవాళ్లుంటారు. ఫ్రెట్‌బోర్డు అడ్డంగా గుండ్రంగా ఉంటుంది, వెలుతురు మోసం చేస్తుంది, ఆ చూపుతో 0.3 మిల్లీమీటరు తేల్చడం నాకైతే చేతకాదు. మన దగ్గరే ఒక తిన్నటి గీత ఉంది కదా, బిగించిన తీగ. దాన్నే రూళ్లకర్రగా వాడుకోవాలి.

ముందు శ్రుతి చెయ్యాలి. మీరు రోజూ ఏ శ్రుతిలో వాయిస్తారో అందులోనే. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి హెడ్‌స్టాక్ కింద దిండు పెడితే నెక్ మీద బరువు మారి కొలత తప్పుతుంది, అందుకని ఒళ్లో పెట్టుకోవాలి, వాయించే భంగిమలో. ఇ తీగని మొదటి ఫ్రెట్ దగ్గర కాపోతో (తీగల్ని నొక్కిపట్టే క్లిప్) బిగించండి. కాపో లేకపోతే ఎడమచేతి చూపుడువేలు చాలు. అదే తీగని నెక్ బాడీలో కలిసేచోటి ఫ్రెట్ దగ్గర కుడిచేతి చిటికెనవేలితో నొక్కండి. ఇప్పుడు ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగని కుడిచేతి బొటనవేలితో మెల్లగా తట్టండి. తీగ కిందికి దిగి ఫ్రెట్‌కి తగిలి 'టిక్' మనాలి. టిక్ అసలు లేకుండా తీగ అప్పటికే ఫ్రెట్ మీద పడుకుని ఉంటే నెక్ తిన్నగానో వెల్లకిలానో ఉన్నట్టు. దిగడానికి బాగా చోటుండి, విజిటింగ్ కార్డులు మూడు నాలుగు దూరేలా ఉంటే వంపు ఎక్కువైనట్టు.

కచ్చితమైన అంకె కావాలంటే ఆటో స్పేర్ పార్టుల షాపులో ఫీలర్ గేజ్ దొరుకుతుంది. బైక్ మెకానిక్‌లు ట్యాపెట్ సందు చూసుకునే పలచటి ఇనపరేకుల కట్ట. కొన్ని షెడ్లలో ఫిల్లర్ గేజ్ అంటారు, అలా అడిగినా ఇస్తారు. 0.30 రేకుని ఎనిమిదో ఫ్రెట్‌కీ తీగకీ నడుమ దూర్చితే తీగని పైకి లేపకుండా, వదులుగా జారిపోకుండా, రాసుకుంటూ దూరాలి. జి తీగ కింద కూడా ఇలాగే చూడండి. రెండిటికీ బాగా తేడా ఉంటే నెక్ మెలితిరిగిందన్నమాట. ఉన్నది ఒకే రాడ్ అయితే మెలిక తీయడం దానివల్ల కాదు.

కొలిచాక తిప్పడం చిన్న పని. రాడ్ చివర బోల్టు కొన్ని బేస్‌లకి హెడ్‌స్టాక్ దగ్గర చిన్న మూత కింద ఉంటుంది. పాత ఫెండర్ తరహా వాటికి బాడీవైపు కొసన ఉంటుంది, నెక్ విప్పితేగాని అందదు. మ్యూజిక్ మ్యాన్ బేస్‌లకి నెక్ బాడీలో కలిసేచోట చిల్లుల చక్రం ఉంటుంది, సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పుకోవచ్చు. అందరూ అలా పెడితే ఎంత సుఖంగా ఉండేదో. రికెన్‌బ్యాకర్ బేస్‌లలో చాలావాటికి రాడ్‌లు రెండు. ఏదైనా సరే, బోల్టుకి ఎదురుగా చూస్తూ గడియారం ముళ్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది, వంపు తగ్గుతుంది. ఎదురువైపు తిప్పితే వదులవుతుంది, తీగలు నెక్‌ని ముందుకు లాక్కుంటాయి, వంపు పెరుగుతుంది. నేను ఆ రాత్రి చేయాల్సింది ఈ రెండోది.

కీ విషయంలో మాత్రం కక్కుర్తి పడొద్దు. హార్డ్‌వేర్ షాపులో ఎలెన్ కీ అంటే సెట్ ఇస్తారు. అమెరికాలో తయారైన వాటికి అంగుళాల కీ, ఆసియా తయారీకి ఎక్కువగా మిల్లీమీటర్ల కీ పడుతుంది. "దాదాపు పట్టింది కదా" అని కొంచెం చిన్న కీతో తిప్పితే బోల్టు లోపలి ఆరు మూలలూ అరిగి గుండ్రంగా తయారవుతాయి. ఆ తర్వాత ఎవరి చేతిలోనైనా అది తిరగదు. రాడ్ విరిగిన కేసులకన్నా ఇలా బోల్టు పాడైన కేసులే నేనెక్కువ చూశాను.

ఒకసారికి పావు చుట్టు, అంతే. బిగించేటప్పుడు ముందు తీగలు ఒక స్వరం మేర వదులు చేసి, కావాలంటే గిటార్‌ని ఒళ్లో పెట్టుకుని హెడ్‌స్టాక్‌ని చేత్తో కొద్దిగా వెనక్కి పట్టుకుని తిప్పితే, బోల్టు మీద భారం తగ్గుతుంది. మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ కొలవాలి. శ్రుతి చేయకుండా కొలిస్తే ఆ కొలతకి అర్థం లేదు, ఎందుకంటే వంపుని పుట్టించేదే తీగల బిగువు. చెక్క కొంతమేర అప్పటికప్పుడు కదులుతుంది, మిగతా కదలిక తెల్లారేసరికి కనిపిస్తుంది. అందుకని రాత్రి పావు చుట్టు తిప్పి పడుకోవడం నా పద్ధతి. బోల్టు రాయిలా ఉండి తిరగనంటే ఆపేయండి. లోపల రాడ్ తెగితే ఫ్రెట్‌బోర్డు ఊడదీయాలి, లేదా నెక్ మొత్తం మార్చాలి.

ఇక్కడ రాడ్‌లలో రెండు రకాలున్నాయని తెలియాలి. పాతకాలపు ఒంటిదిశ రాడ్ నెక్‌ని వెనక్కి మాత్రమే లాగగలదు. దాన్ని పూర్తిగా వదులు చేసినా నెక్ ఇంకా వెల్లకిలానే ఉంటే మిగిలింది లావు తీగలు వేయడమే, అవే ముందుకు లాగాలి. కొత్తగా వస్తున్న చాలావాటిలో రెండుదిశల రాడ్ ఉంటుంది. వదులు దాటి ఇంకా అటే తిప్పుకుంటూ పోతే అది ముందుకు కూడా తోస్తుంది. నడుమన బోల్టు ఏ పట్టూ లేకుండా తేలిగ్గా తిరిగే కొద్ది మేర తగిలితే మీది రెండో రకం.

నెక్ సరైంది. ఇప్పటికీ తీగలు ఎత్తుగా ఉన్నాయా? ఇప్పుడు శాడిల్స్. ఫెండర్ లెక్కన పై చెప్పిన రేడియస్‌కే 17వ ఫ్రెట్ దగ్గర ఇ వైపు సుమారు 2.4 మిల్లీమీటర్లు, జి వైపు 2. మా చర్చి కుర్రాడికి కావాల్సింది ఇదే. రాడ్ ఏడు ఎనిమిది ఫ్రెట్ల చుట్టూ ఉండే లోతుని మారుస్తుంది, అందులోనూ మార్చగలిగేది మిల్లీమీటరులో ఏ మూడో వంతో. మిల్లీమీటరున్నర దిగాల్సిన తీగల్ని రాడ్‌తో దించబోతే నెక్ వెల్లకిలా పడి మొదటి ఫ్రెట్లు మోగడం మొదలవుతాయి. వాడు దాన్ని చూసి తీగలు మళ్లీ లేపుతాడు. అప్పుడు మొదటికే మోసం.

మోత ఎక్కడొస్తుందో వింటే తప్పు ఎవరిదో చాలావరకు తెలిసిపోతుంది. వేలు పెట్టని తీగ మాత్రమే మోగి, మొదటి ఫ్రెట్ నొక్కగానే మోత పోతే అనుమానం నట్ మీద. తీగలు ఆనే తెల్లటి నట్, రాడ్ బోల్టు కాదు. మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మొదటి ఫ్రెట్ మీద చూస్తే వెంట్రుకవాసి సందు ఉండాలి. అసలు లేకపోతే గాడి లోతైపోయింది. తినే సోడా చిటికెడు గాడిలో వేసి ఫెవిక్విక్ చుక్క పడేస్తే రాయిలా గట్టిపడుతుంది, తర్వాత మళ్లీ సన్నగా అరగదీసుకోవచ్చు. ముష్టి వైద్యంలా అనిపిస్తుంది కానీ పనిచేస్తుంది. ఒకటి నుంచి ఆరేడు ఫ్రెట్ల దాకా అన్నీ మోగితే రిలీఫ్ చాలలేదు, రాడ్ వదులు చేయాలి. 12 దాటాకే మోగితే శాడిల్స్ మరీ దిగి ఉండాలి, లేదా రిలీఫ్ మితిమీరి ఉండాలి, కొలిస్తే తేలుతుంది. ఎక్కడో ఒక్క ఫ్రెట్ దగ్గర మాత్రమే మోగితే దాని పక్క ఫ్రెట్ లేచి ఉంది. దానికి సుత్తో ఆకురాయో కావాలి, రాడ్‌కి సంబంధం లేదు.

శాడిల్స్ పూర్తిగా దించేసినా ఇంకా తీగలు ఎత్తుగానే ఉండే మొండి కేసు ఒకటుంది. నెక్ బాడీలో కూర్చున్న కోణం తేడా అది. బోల్టులు విప్పి, నెక్ కూర్చునే గుంటలో బ్రిడ్జ్‌వైపు కొసన పలచటి షిమ్ (ఎత్తు కోసం పెట్టే ముక్క) పెడతారు. అర మిల్లీమీటరు షిమ్ పెడితే ఆ వాలు బ్రిడ్జ్ దాకా సాగి శాడిల్ దగ్గర సుమారు రెండు మిల్లీమీటర్ల తేడా ఇస్తుంది. విజిటింగ్ కార్డు ముక్క పెట్టేవాళ్లు చాలామంది. కొస నుంచి కొసకి సన్నబడే చెక్క షిమ్ దొరికితే మేలు, కింద ఖాళీ మిగలదు.

ఇంటొనేషన్, అంటే ప్రతి ఫ్రెట్‌లోనూ స్వరం శ్రుతిలో పలికేలా తీగ పొడవు సరిచేయడం, అన్నిటికన్నా ఆఖర్న. తీగ ఎత్తు మారితే నొక్కినప్పుడు అది సాగే మేర మారుతుంది, కాబట్టి ముందే చేస్తే రెండోసారి చేయాల్సిందే. ట్యూనర్ పెట్టుకుని 12వ ఫ్రెట్ హార్మోనిక్‌నీ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) అక్కడే నొక్కిన స్వరాన్నీ పోల్చండి. నొక్కినది ఎక్కువ పలికితే శాడిల్‌ని నెక్‌కి దూరంగా జరపాలి, తక్కువ పలికితే దగ్గరికి.

ఇంత చేశాక "ఇక జన్మలో ముట్టక్కర్లేదు" అనుకుంటాం. తీగల సైజు 45–105 నుంచి 40–95కి మార్చి చూడండి, బిగువు తగ్గి నెక్ వెనక్కి వెళ్తుంది. ఇ తీగని డి దాకా దించితే ఒక్క ఆ తీగ బిగువే దాదాపు అయిదో వంతు పడిపోతుంది. పైగా చెక్క గాలిలో తేమని పీల్చి వదులుతుంది. నెక్ చెక్క ఒకటి, ఫ్రెట్‌బోర్డు చెక్క మరొకటి, రెండూ ఒకే వేగంతో ఉబ్బవు, కుంచించుకుపోవు. కాకినాడలోనో విశాఖలోనో సముద్రపు గాలిలో కుదురుకున్న నెక్ హైదరాబాద్ మే నెలలో ఏసీ గదికి వస్తే కదలకుండా ఉంటుందా? నా రాజమండ్రి బేస్ చేసింది అదే. నెక్ పాడవలేదు, ఊరు మారింది. నేను ఏటా జూన్ ఆఖర్లో ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి ఆ టిక్ పరీక్ష చేస్తాను. చాలాసార్లు ఏమీ తిప్పాల్సిన పని ఉండదు. ఉన్నా పావు చుట్టు దాటదు.

మొన్న ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు. శాడిల్స్ దించుకున్నాడు, నెక్ ముట్టుకోలేదు, చేతికి హాయిగా ఉందట. కానీ కొత్త ఫిర్యాదు పట్టుకొచ్చాడు. జి తీగ మీద ఆరో ఫ్రెట్ నొక్కితే స్వరం పుట్టగానే చచ్చిపోతోంది, పక్క ఫ్రెట్లు బాగానే పలుకుతున్నాయి. "ఇదన్నా రాడ్‌దేనా అన్నా?" నేను వాయించి చూశాను. మోత లేదు, గుడ్డిగా ఆగిపోతోంది. నెక్ తన సొంత కంపనంతో ఆ స్వరం బలాన్ని మింగేస్తోంది. దీన్ని డెడ్ స్పాట్ అంటారు. బోల్ట్ చేసిన నెక్ ఉన్న బేస్‌లలో చాలావాటికి జి తీగ మీద అయిదు నుంచి ఏడు ఫ్రెట్ల మధ్య ఎక్కడో ఒకచోట ఉంటుంది. హెడ్‌స్టాక్‌కి బరువున్న క్లిప్ తగిలిస్తే కొద్దిగా అటో ఇటో జరుగుతుంది, పోదు. అదే స్వరాన్ని డి తీగ మీద 11వ ఫ్రెట్‌లో వాయించుకోమన్నాను. సరేనని ఆదివారం రెండో పాటలో అక్కడే వాయించాడు. చెయ్యి అంత దూరం జరిపి మళ్లీ వెనక్కి రావడానికి కొంచెం తడుముకున్నాడు, అంతే.